సౌర విద్యుత్తుతో అనుసంధానమైన ట్రాన్స్‌ఫార్మర్లకు అధిక ప్రవాహ రక్షణ: వ్యవసాయ విస్తరణ దృక్పథం

యాసంగిలో వేరుశనగ ఊడలు దిగే దశలోను, మొక్కజొన్న జల్లు, పీచు వేసే దశలోను, వరి చిరుపొట్ట నుండి పూత వరకు గల దశలోను నీటి ఎద్దడి ఏర్పడితే ఆ నష్టాన్ని తరువాత ఇచ్చే తడులు పూడ్చలేవు. ఇది సేద్య విజ్ఞానంలో ప్రాథమిక పాఠం. బోరుబావుల కింద సాగయ్యే భూముల్లో ఆ ఎద్దడికి కారణం ఎల్లప్పుడూ భూగర్భ జలాల కొరతే కాదు. బావిలో నీరు ఉండి, మోటారు బాగుండి, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవడం వల్ల కూడా పైరు ఎండుతుంది. గ్రామీణ ప్రాంతంలో చెడిపోయిన పంపిణీ ట్రాన్స్‌ఫార్మర్‌ను 48 గంటల్లో మార్చాలన్నది విద్యుత్ సంస్థలకు నిర్దేశించిన సేవా ప్రమాణం. ఈ వ్యవధిని పైరు ఎంతవరకు తట్టుకోగలదనేది నేల మీద, పైరు దశ మీద ఆధారపడి ఉంటుంది.

2019లో ప్రారంభమైన పీఎం కుసుమ్ పథకం ఈ అంశానికి కొత్త కోణాన్ని చేర్చింది. పథకంలోని మొదటి భాగం కింద బంజరు, బీడు భూముల్లో 500 కిలోవాట్ల నుండి 2 మెగావాట్ల వరకు సామర్థ్యం గల సౌర విద్యుత్ కేంద్రాలను సమీప సబ్‌స్టేషన్‌కు అనుసంధానం చేయవచ్చు. మూడవ భాగం కింద గ్రిడ్‌కు కలిసి ఉన్న పంపుసెట్లకు విడివిడిగా గాని, ఫీడర్ మొత్తానికి గాని సౌర విద్యుత్తును సమకూర్చవచ్చు. ఇంతకాలం విద్యుత్తును వాడుకునే స్థానంలోనే ఉన్న రైతు ఇప్పుడు ఉత్పత్తిదారుగా కూడా మారుతున్నాడు. కృషి విజ్ఞాన కేంద్రాలకు, విస్తరణ శాస్త్రవేత్తలకు పలకల వంపు, పంపు సామర్థ్యం, రాయితీ వంటి విషయాలపై ప్రశ్నలు వస్తున్నాయి. అయితే ట్రాన్స్‌ఫార్మర్ రక్షణ గురించి చర్చ అరుదుగా జరుగుతున్నది. సౌర విద్యుత్తు చేరినప్పుడు ఈ రక్షణలో ఏమి మారుతుందో, ఆ మార్పు పొలానికి ఎందుకు ముఖ్యమో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సాధారణ ట్రాన్స్‌ఫార్మర్‌లో రక్షణ సూత్రం

మన పొలాల్లో సాధారణంగా కనిపించేవి 11 కేవీ విద్యుత్తును 433 వోల్టులకు తగ్గించే 25, 63, 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్లు. 433 వోల్టుల వైపు వీటి పూర్తి భార ప్రవాహం వరుసగా సుమారు 33, 84, 133 ఆంపియర్లు. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌లో 11 కేవీ వైపు ప్రవహించేది 5.25 ఆంపియర్లు మాత్రమే.

ట్రాన్స్‌ఫార్మర్ కింది లైనులో మూడు ఫేజులు ఒకదానితో ఒకటి కలిసి షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు ప్రవాహాన్ని పరిమితం చేసేది ప్రధానంగా ట్రాన్స్‌ఫార్మర్ అంతర్గత ఇంపిడెన్స్. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇది 4.5 శాతం. అంటే టెర్మినళ్ల దగ్గరే షార్ట్ సర్క్యూట్ జరిగితే 133 ఆంపియర్లకు 22 రెట్లు, అనగా దాదాపు 2,960 ఆంపియర్లు ప్రవహిస్తాయి. చుట్టలలో పుట్టే వేడి ప్రవాహపు వర్గానికి అనులోమంగా ఉంటుంది కనుక అది పూర్తి భారం వద్ద పుట్టే వేడికి 490 రెట్లు మించుతుంది. ఇటువంటి స్థితిని ట్రాన్స్‌ఫార్మర్ 2 సెకన్ల పాటు తట్టుకోవాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. ఫ్యూజు గాని బ్రేకరు గాని అంతకంటె ముందే సరఫరాను తెంచాలి.

ఇక్కడ రెండు భావనలు అంతర్లీనంగా ఉన్నాయి. మొదటిది, దోషం జరిగినప్పుడు ప్రవాహం మామూలు కంటె అనేక రెట్లు పెరుగుతుంది. రెండవది, ఆ ప్రవాహం సబ్‌స్టేషన్ నుండి పొలం వైపుకు ఒకే దిశలో వస్తుంది. ఫ్యూజు వైరు నుండి సబ్‌స్టేషన్ రిలే వరకు సంప్రదాయ రక్షణ అంతా ఈ రెండు భావనల మీద నిలిచి ఉంది. సౌర విద్యుత్ కేంద్రం చేరినప్పుడు ఈ రెండూ సంపూర్ణంగా వర్తించవు.

ఇన్వర్టర్ స్వభావం

తిరిగే జనరేటర్ దోష సమయంలో తన సామర్థ్యానికి అనేక రెట్ల ప్రవాహాన్ని అందించగలదు. సౌర ఇన్వర్టర్‌లో ఉన్నవి అర్ధవాహక స్విచ్చులు. అవి అధిక ప్రవాహాన్ని తట్టుకోలేవు కనుక ఇన్వర్టర్ నియంత్రణ వ్యవస్థ ప్రవాహాన్ని వెంటనే పరిమితం చేస్తుంది. అందువల్ల దోషానికి ఇన్వర్టర్ అందించేది సాధారణంగా పూర్తి భార ప్రవాహానికి 1.1 నుండి 1.5 రెట్లు మాత్రమే.

పలకల వైపు కూడా ఇదే లక్షణం కనిపిస్తుంది. సౌర పలకను షార్ట్ సర్క్యూట్ చేసినా, గరిష్ఠ శక్తి వద్ద ప్రవహించే దానికంటె కొద్ది శాతమే ఎక్కువ ప్రవహిస్తుంది. అందువల్ల ఒక పలకల వరుసలో ఉన్న ఫ్యూజు ఆ వరుస సొంత ప్రవాహంతో కరగదు. సమాంతరంగా కలిపిన ఇతర వరుసలు దోషమున్న వరుసలోకి ప్రవాహాన్ని వెనుకకు నెట్టినప్పుడు మాత్రమే అది కరుగుతుంది. మూడు లేదా అంతకంటె ఎక్కువ వరుసలు సమాంతరంగా ఉన్నచోట ఫ్యూజులు అవసరం కావడానికి ఇదే కారణం. షార్ట్ సర్క్యూట్ ప్రవాహం 10 ఆంపియర్లు గల పలకలకు 15 ఆంపియర్ల కంటె ఎక్కువ, 24 ఆంపియర్ల కంటె తక్కువ రేటింగు గల, సౌర వ్యవస్థల కోసమే తయారైన ఏకముఖ విద్యుత్ ఫ్యూజు వాడాలి. ఇళ్లలో వాడే ఫ్యూజు ఇక్కడ పనికిరాదు. ఏకముఖ ప్రవాహంలో పుట్టిన ఆర్క్ తనంతట తాను ఆరిపోదు.

ఒక మెగావాట్ కేంద్రం: లెక్కతో పరిశీలన

1 మెగావాట్ కేంద్రంలో ఇన్వర్టర్ల వోల్టేజిని 11 కేవీకి పెంచడానికి 1 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్ అమర్చారనుకుందాం. 11 కేవీ వైపు దాని పూర్తి భార ప్రవాహం 52.5 ఆంపియర్లు. దీని రిలేను పూర్తి భారానికి 1.2 రెట్లు, అనగా 63 ఆంపియర్ల వద్ద స్పందించేటట్లు అమర్చినట్లు భావిద్దాం.

ఈ రిలే మూడు రకాల ప్రవాహాలను వేరుచేసి గుర్తించాలి.

మొదటిది ఆరంభ అయస్కాంతీకరణ ప్రవాహం. ట్రాన్స్‌ఫార్మర్‌ను గ్రిడ్‌కు కలిపిన క్షణంలో పూర్తి భారానికి 8 నుండి 12 రెట్ల ప్రవాహం కొద్దిసేపు ప్రవహిస్తుంది. మన ఉదాహరణలో ఇది 420 నుండి 630 ఆంపియర్ల వరకు ఉండవచ్చు. ఇది దోషం కాదు. అందుచేత 0.1 సెకను పాటు 12 రెట్ల ప్రవాహాన్ని రక్షణ పరికరం సహించాలన్నది ఆచరణలో ఉన్న నియమం. సౌర కేంద్రానికి ఇది మరింత ముఖ్యం. రాత్రివేళ భారరహిత నష్టాన్ని తగ్గించడానికి ట్రాన్స్‌ఫార్మర్‌ను ఆపి ప్రతి ఉదయం తిరిగి కలిపితే, సంవత్సరానికి మూడు వందలకు పైగా ఇటువంటి తాకిడులు తప్పవు. ఫ్యూజుతో రక్షించబడే చిన్న ట్రాన్స్‌ఫార్మర్లలో ఈ తాకిడులు ఫ్యూజు తీగను క్రమంగా బలహీనపరుస్తాయి.

రెండవది ఇన్వర్టర్ వైపు జరిగే షార్ట్ సర్క్యూట్. దీనికి ప్రవాహం గ్రిడ్ నుండి వస్తుంది. 5 శాతం ఇంపిడెన్స్ గల ట్రాన్స్‌ఫార్మర్‌కు పాఠ్యపుస్తక సూత్రం ప్రకారం 11 కేవీ వైపు 1,050 ఆంపియర్లు రావాలి. అయితే ఈ సూత్రం గ్రిడ్ అపరిమిత బలం గలదని భావిస్తుంది. గ్రామీణ ఫీడర్ అటువంటిది కాదు.

సబ్‌స్టేషన్‌లో 7.15 శాతం ఇంపిడెన్స్ గల 5 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఉండి, అక్కడి నుండి సౌర కేంద్రం 5 కిలోమీటర్ల దూరంలో ఉందనుకుందాం. లైను కిలోమీటరుకు 0.54 ఓమ్ రెసిస్టెన్స్, 0.37 ఓమ్ రియాక్టెన్స్ కలిగి ఉందనుకుంటే, కేంద్రం వద్ద 11 కేవీ వైపు జరిగే షార్ట్ సర్క్యూట్‌కు వచ్చే ప్రవాహం సుమారు 1,400 ఆంపియర్లు. ఇన్వర్టర్ వైపు షార్ట్ సర్క్యూట్‌కు 11 కేవీ వైపు కనిపించేది సుమారు 630 ఆంపియర్లు మాత్రమే. 33 కేవీ వైపు ఇంపిడెన్స్‌ను ఈ లెక్కలో చేర్చలేదు కనుక వాస్తవ విలువలు ఇంకా కొంత తక్కువగా ఉంటాయి.

ఈ లెక్క ప్రయోజనం ఏమిటి? తక్షణ రక్షణను సాధారణంగా ట్రాన్స్‌ఫార్మర్ గుండా పోయే దోష ప్రవాహానికి 1.3 రెట్ల వద్ద అమరుస్తారు. పాఠ్యపుస్తక విలువ 1,050ని తీసుకుంటే అమరిక 1,365 ఆంపియర్లు అవుతుంది. 5 కిలోమీటర్ల దూరంలో గరిష్ఠంగా లభించే ప్రవాహమే 1,400. దోషం వద్ద కొద్దిపాటి ఆర్క్ నిరోధం చేరినా ప్రవాహం అమరికకు చేరదు. తక్షణ రక్షణ ఉండి కూడా లేనట్లే అవుతుంది. స్థానిక లెక్క ప్రకారం 630కి 1.3 రెట్లు, అనగా సుమారు 820 ఆంపియర్ల వద్ద అమరిస్తే అది ఆరంభ ప్రవాహానికి స్పందించదు, 11 కేవీ వైపు దోషానికి మాత్రం వెంటనే స్పందిస్తుంది. ఒక కేంద్రం అమరికను మరొక కేంద్రానికి యథాతథంగా నకలు చేయరాదనడానికి ఇది నిదర్శనం. నేల పరీక్ష లేకుండా పక్క పొలం ఎరువుల మోతాదును వాడటం వంటిదే ఇది.

మూడవది గ్రిడ్ వైపు జరిగే దోషం. దీనికి ఇన్వర్టర్ అందించగలిగేది 52.5 ఆంపియర్లకు 1.2 రెట్లు అనుకుంటే 63 ఆంపియర్లు. రిలే స్పందన మొదలయ్యే విలువ కూడా 63 ఆంపియర్లే. అనగా గ్రిడ్ వైపు దోషాన్ని ఈ రిలే గుర్తించలేదు.

కాలమానం కూడా ఇదే చెబుతుంది. ప్రామాణిక విలోమ లక్షణం గల రిలేలో కాల గుణకం 0.1 అయితే, అమరికకు 10 రెట్ల ప్రవాహం వచ్చినప్పుడు 0.3 సెకనులో, 2 రెట్లు వచ్చినప్పుడు 1 సెకనులో, 1.2 రెట్లు వచ్చినప్పుడు 3.8 సెకన్లలో, 1.05 రెట్లు వచ్చినప్పుడు 14 సెకన్లలో అది పనిచేస్తుంది. ఇన్వర్టర్ వైపు దోషానికి గ్రిడ్ ఇచ్చే 630 ఆంపియర్లు సరిగ్గా 10 రెట్లు. 0.3 సెకనులో సరఫరా తెగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ దక్కుతుంది. గ్రిడ్ వైపు దోషానికి మాత్రం ఈ రిలేను నమ్ముకోలేము.

ప్రవాహం చెప్పని సంగతిని వోల్టేజి చెబుతుంది

ఈ లోటును పూడ్చేవి వోల్టేజి, పౌనఃపున్య రిలేలు. గ్రిడ్ సరఫరా తెగినప్పుడు సౌర కేంద్రం ఒంటరిగా లైనుకు విద్యుత్తును అందిస్తూ ఉండరాదు. 2 సెకన్లలోగా ఇన్వర్టర్ విడిపోవాలన్నది గుర్తింపు పొందిన ప్రమాణం. వికేంద్రీకృత ఉత్పత్తి కేంద్రాల అనుసంధానానికి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013లో సాంకేతిక ప్రమాణాలను జారీ చేసింది.

ట్రాన్స్‌ఫార్మర్ చుట్టల అమరిక కూడా ఇక్కడ ప్రాముఖ్యం వహిస్తుంది. సౌర కేంద్రాల ట్రాన్స్‌ఫార్మర్లలో అనేకం గ్రిడ్ వైపు డెల్టా, ఇన్వర్టర్ వైపు స్టార్ అమరికతో ఉంటాయి. 11 కేవీ లైనులో ఒక ఫేజు నేలను తాకినప్పుడు సబ్‌స్టేషన్ బ్రేకరు తెరుచుకుంటే, ఇంకా విడిపోని సౌర కేంద్రం భూసంబంధం లేని లైనుకు విద్యుత్తును ఇస్తూ ఉంటుంది. అప్పుడు మిగిలిన రెండు ఫేజుల వోల్టేజి నేలతో పోల్చినప్పుడు 6.35 కేవీ నుండి 11 కేవీ దిశగా పెరుగుతుంది. 11 కేవీ లైన్లలో సాధారణంగా వాడే పిడుగు నిరోధకాల రేటింగు 9 కేవీ. అవి దెబ్బతింటాయి, పక్క ట్రాన్స్‌ఫార్మర్ల ఇన్సులేషన్ మీద ఒత్తిడి పడుతుంది. దీనిని గుర్తించడానికి న్యూట్రల్ వోల్టేజి విస్థాపన రిలే అవసరం. కేంద్రం స్థాపనకు సహకారం కోరే రైతు సంఘాలు తమ అంచనా పత్రంలో ఈ రిలే ఉన్నదో లేదో తప్పక చూడాలి.

పంపుసెట్ ట్రాన్స్‌ఫార్మర్‌పై కనిపించని భారం

ఫీడర్ స్థాయి కేంద్రం కాక విడివిడిగా పంపుసెట్లకు పలకలు అమర్చిన చోట సమస్య మరో రూపం తీసుకుంటుంది.

100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద 5 హెచ్‌పీ మోటార్లు 20 ఉన్నాయనుకుందాం. ఒక్కొక్కటి 7.5 ఆంపియర్లు తీసుకుంటే మొత్తం 150 ఆంపియర్లు. ఇది 133 ఆంపియర్ల సామర్థ్యం కంటె ఎక్కువ. వీటిలో 10 మోటార్లకు 7.5 కిలోవాట్ల చొప్పున పలకలు అమర్చితే, నడి మధ్యాహ్నం అవి సుమారు 100 ఆంపియర్లు స్థానికంగా అందిస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ గుండా 50 ఆంపియర్లే ప్రవహిస్తాయి. మధ్యాహ్నం కొలిచిన వారికి ట్రాన్స్‌ఫార్మర్‌లో ఖాళీ ఉన్నట్లు కనిపిస్తుంది. మరి నాలుగు కనెక్షన్లు ఇవ్వడానికి అవకాశం ఉన్నదన్న భావన కలుగుతుంది. పొద్దు వాలిన తరువాత 150 ఆంపియర్లూ తిరిగి ట్రాన్స్‌ఫార్మర్ మీదనే పడతాయి. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి వ్యవసాయానికి 24 గంటల సరఫరా అమలులోకి వచ్చింది. తెల్లవారుజామున, సాయంత్రం మోటార్లు నడిచే ప్రాంతాల్లో ఈ కనిపించని భారం నిజమైన ముప్పు.

దీనికి వ్యతిరేకమైన స్థితి కోతల తరువాత వస్తుంది. పథకం ప్రకారం పంపు సామర్థ్యానికి రెండు రెట్ల వరకు పలకలు అమర్చుకోవచ్చు. 15 పంపులకు 7.5 కిలోవాట్ల చొప్పున అమర్చితే 112 కిలోవాట్లు. పంపులన్నీ నడిస్తే ప్రవాహం 112 ఆంపియర్లే. వేసవిలో పంపులన్నీ ఆగి ఉంటే, పలకలు పూర్తి సామర్థ్యంతో పనిచేసే మధ్యాహ్న సమయంలో వెనుకకు ప్రవహించేది 150 ఆంపియర్లు. పొలంలో పైరు లేని రోజుల్లో ట్రాన్స్‌ఫార్మర్ అధిక భారానికి లోనవుతుంది. ఆ సమయంలో దాని వద్దకు వెళ్లి చూసేవారు కూడా ఉండరు.

ఫ్యూజు ఈ స్థితిని పట్టుకోలేదు. 10, 15 శాతం అధిక భారానికి ఏ ఫ్యూజూ కరగదు. అది షార్ట్ సర్క్యూట్ నుండి కాపాడే సాధనమే గాని, దీర్ఘకాలిక వేడి నుండి కాపాడే సాధనం కాదు. సాధారణ కాగితపు ఇన్సులేషన్ గల ట్రాన్స్‌ఫార్మర్‌లో అత్యధిక వేడి బిందువు ఉష్ణోగ్రత 98 డిగ్రీల సెల్సియస్ దాటిన తరువాత పెరిగే ప్రతి 6 డిగ్రీలకు ఇన్సులేషన్ క్షీణత వేగం రెట్టింపవుతుంది. ఈ నష్టం ఆ రోజు కనిపించదు. కొన్ని సంవత్సరాల తరువాత యాసంగి మధ్యలో బయటపడుతుంది. కావున భారాన్ని మధ్యాహ్నం ఒకసారి, సూర్యాస్తమయం తరువాత ఒకసారి, పంట లేని కాలంలో మరొకసారి కొలవాలి. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లలో చమురు, చుట్టల ఉష్ణోగ్రత సూచికలతో పాటు, 1,000 కేవీఏ, ఆపై సామర్థ్యం గల వాటిలో వాయు పీడన ఆధారిత బుచోల్జ్ రిలే రక్షణ ఉండాలి.

ఆటో స్టార్టరు, లావు వైరు

ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోవడం వెనుక పొలం స్థాయిలో కనిపించే ఒక క్రమం ఉంది. సరఫరా పోయి తిరిగి వచ్చిన క్షణంలో ఆటో స్టార్టర్ల వల్ల మోటార్లన్నీ ఒకేసారి మొదలవుతాయి. నేరుగా మొదలయ్యే మోటారు ఆరంభంలో దాదాపు ఆరు రెట్ల ప్రవాహాన్ని తీసుకుంటుంది. 12 మోటార్లు నడిచేటప్పుడు 90 ఆంపియర్లు తీసుకుంటే, ఒకేసారి మొదలైనప్పుడు 540 ఆంపియర్లు తీసుకుంటాయి. ఇది 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యానికి నాలుగు రెట్లు. ఫ్యూజు కరుగుతుంది. మరల మరల కరగడంతో విసిగిన రైతులు లావు వైరు చుడతారు. అప్పటి నుండి ఫ్యూజు ఉన్నా రక్షణ ఉండదు. తరువాత నిజమైన షార్ట్ సర్క్యూట్ వచ్చినప్పుడు కరిగేది ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట.

సౌర కేంద్రం ఉన్న ఫీడర్‌లో ఈ తాకిడి మరింత తీవ్రం. సరఫరా పోగానే ఇన్వర్టర్ విడిపోతుంది. తిరిగి వచ్చిన తరువాత వోల్టేజి, పౌనఃపున్యం నిలకడగా ఉన్నాయని నిర్ధారించుకునే వరకు అది కలవదు. ఆ వ్యవధిలో మోటార్ల ఆరంభ భారమంతా గ్రిడ్ ఒక్కటే మోయాలి. ఆటో స్టార్టర్ల తొలగింపు లేదా ఒక్కో మోటారుకు వేర్వేరు ఆలస్యం గల టైమరు అమర్చడం భూగర్భ జలాల పొదుపు కోసమే కాదు, ట్రాన్స్‌ఫార్మర్ రక్షణ కోసం కూడా అవసరమని రైతులకు వివరించాలి. ఒక ఫేజు ఫ్యూజు మాత్రమే కరిగినప్పుడు మిగిలిన రెండు ఫేజులతో నడిచే మోటారు వేడెక్కి కాలిపోతుంది. కనుక స్టార్టరులో సింగిల్ ఫేజింగ్ నివారణ సాధనం ఉండాలి.

ఎండిన నేల, తెగిన వైరు

భూసంబంధిత దోషాల విషయంలో నేల స్వభావం నేరుగా ప్రవేశిస్తుంది. 433 వోల్టుల వ్యవస్థలో ఫేజుకు, నేలకు మధ్య 250 వోల్టులు. తెగిన వైరు ఎండిన చల్కా నేల మీద పడినప్పుడు, వైరు తాకిన చోట నిరోధం, ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్ నిరోధం కలిపి 25 ఓమ్‌లు ఉన్నాయనుకుంటే, ప్రవాహం 10 ఆంపియర్లు మాత్రమే. 133 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజుకు ఇది ఒక మోటారు నడిచినట్లే. ఫ్యూజు కరగదు, వైరు ప్రాణాంతకంగానే ఉంటుంది. నేల ఎంత ఎండితే ప్రవాహం అంత తగ్గుతుంది, ప్రమాదం అంత ఎక్కువ కాలం కొనసాగుతుంది. మనిషి ప్రాణం తీయడానికి ఆంపియరులో పదోవంతు కూడా చాలు.

ఎర్త్ గుంతను వేసవిలో తడిగా ఉంచడం, ఎర్త్ నిరోధాన్ని వర్షాకాలంలో కాక ఏప్రిల్, మే నెలల్లో కొలవడం, ప్రతి మోటారు స్టార్టరు వద్ద నేలలోకి లీకయ్యే ప్రవాహాన్ని గుర్తించి సరఫరాను తెంచే బ్రేకరు అమర్చడం ఈ ముప్పును తగ్గించే మార్గాలు.

మరొక ముఖ్య విషయం. సౌర విద్యుత్తు ఉన్న లైనుకు రెండు వైపుల నుండి సరఫరా రావచ్చు. ఏబీ స్విచ్ తీసినంత మాత్రాన లైను చచ్చినదని భావించరాదు. ఇన్వర్టర్ స్వయంగా విడిపోతుందన్నది రూపకల్పనలోని అంచనా. మనిషి ప్రాణాన్ని ఆ ఒక్క అంచనా మీద వదలరాదు. సబ్‌స్టేషన్ నుండి ఎల్‌సీ తీసుకోవడం, సౌర కేంద్రం వైపు స్విచ్‌ను కూడా తెరచి తాళం వేయడం, పనిచేసే చోటికి రెండు వైపులా లైనును ఎర్త్ చేయడం తప్పనిసరి. ఈ పని విద్యుత్ సిబ్బందిదే. రైతు స్వయంగా ట్రాన్స్‌ఫార్మర్ వద్ద ఫ్యూజు వేయడం ఏ పరిస్థితిలోను సమర్థనీయం కాదు. అయితే పైరు ఎండుతున్న రైతుకు ఈ మాట చెప్పి ఊరుకుంటే సరిపోదు. అతనికి కొంత వ్యవధి ఉండేటట్లు నీటి యాజమాన్యాన్ని రూపొందించడం మన బాధ్యత.

నేలలో ఉన్న వ్యవధి

ఎర్ర చల్కా నేలలో మీటరు లోతుకు సుమారు 100 మి.మీ. లభ్య నీరు నిలుస్తుందనుకుంటే, వేరుశనగ వేర్లు విస్తరించే 40 సెం.మీ. లోతులో ఉండేది 40 మి.మీ. దానిలో సగం తరిగేసరికి తడి ఇవ్వాలి. రోజుకు 5 మి.మీ. చొప్పున నీరు ఖర్చయితే తడి తరువాత 4 రోజులే వ్యవధి. తడి ఇవ్వవలసిన రోజునే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే, మార్చడానికి 48 గంటలు, ఆ తరువాత బోరు కింద వంతుల వారీగా తడి చేరడానికి మరి రెండు మూడు రోజులు. వంతులో చివరి మడి తీవ్రంగా దెబ్బతింటుంది. మీటరుకు 180 మి.మీ. నీరు నిలుపుకొనే నల్లరేగడిలో 60 సెం.మీ. వేరు మండలానికి సుమారు 54 మి.మీ. వాడదగిన నీరు ఉంటుంది. అక్కడ వ్యవధి పది రోజులు. బిందు సేద్యంలో తడిసే నేల పరిమాణం తక్కువ కనుక వ్యవధి ఇంకా తగ్గుతుంది.

ఈ దృష్టితో చూస్తే చల్కా నేలలు, బిందు సేద్యం అధికంగా ఉన్న ఫీడర్లలో రక్షణ పరికరాల తనిఖీకి మొదటి ప్రాధాన్యం ఇవ్వాలి. తనిఖీ కీలక దశకు ముందే, అనగా విత్తిన నెలలోపే పూర్తి కావాలి. తడిని చివరి రోజు వరకు ఆపకుండా ఒక రోజు ముందుగా ఇవ్వడం, వంతు క్రమంలో కీలక దశలో ఉన్న మడిని ముందు తడపడం ఖర్చు లేని జాగ్రత్తలు.

విస్తరణ సిబ్బందికి, విద్యార్థులకు సూచనలు

సౌర కేంద్రం స్థాపనపై సలహా కోరే రైతులకు పలకల లెక్కతో పాటు ఈ ప్రశ్నలు కూడా అందించాలి. రిలే అమరికలు ఈ స్థలానికి, ఈ లైను పొడవుకు లెక్కించినవేనా? వోల్టేజి, పౌనఃపున్య, న్యూట్రల్ విస్థాపన రిలేలు ఉన్నాయా? బ్రేకరును పనిచేయించే బ్యాటరీని చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? రిలే ఎంత మంచిదైనా బ్యాటరీ మూగబోతే బ్రేకరు తెరుచుకోదు. ఫీడర్‌లో మరొక కేంద్రం చేరినప్పుడు గాని, లైను మార్చినప్పుడు గాని అమరికలను తిరిగి లెక్కించే బాధ్యత ఎవరిదో ఒప్పందంలో స్పష్టంగా ఉన్నదా?

గ్రామీణ సేద్య అనుభవ కార్యక్రమంలో పాల్గొనే విద్యార్థులు తమ గ్రామంలోని ఒక ట్రాన్స్‌ఫార్మర్‌ను ఎంచుకొని, దాని సామర్థ్యం, దాని కింద ఉన్న మోటార్ల సంఖ్య, హెచ్‌పీ, ఆటో స్టార్టర్ల సంఖ్య, సౌర పలకల సామర్థ్యం, సాగులో ఉన్న పైర్లు, నేల రకం నమోదు చేయవచ్చు. ఈ వివరాలు సేకరించడానికి ట్రాన్స్‌ఫార్మర్ గద్దె దగ్గరకు వెళ్లవలసిన అవసరం లేదు, వెళ్లరాదు కూడా. ఈ ఒక్క పట్టికతో మధ్యాహ్న భారం, సాయంకాల భారం, పైరు తట్టుకోగల రోజుల సంఖ్య లెక్కించవచ్చు. ఆ పట్టికను స్థానిక విద్యుత్ ఇంజినీరు ముందు ఉంచితే, రక్షణ అమరికలపై చర్చ పొలం అవసరం నుండి మొదలవుతుంది.

రక్షణ పరికరం విలువ దిగుబడి పట్టికలో కనిపించదు. అది సకాలంలో పనిచేసిన సంవత్సరం మామూలు సంవత్సరంగానే గడిచిపోతుంది. పొలం గట్టున నిలబడిన రైతుకు కావలసినదీ అదే. పూత దశలో బోరు ఆగకుండా, ఫ్యూజు కోసం ఎవరూ స్తంభం ఎక్కకుండా గడిచే మామూలు యాసంగి.